బిళ్ల ఇచ్చే చేతికి చీటీ రాసే హక్కు ఉందా? మన నర్సమ్మలు, మన చట్టాలు, నూరేళ్ల కథ

సత్తెనపల్లి నుంచి మాట్లాడుతున్నా. వీడియో మొదలుపెట్టే ముందు చిన్న పని. ఇంట్లో ఏదైనా యాంటీబయాటిక్ ట్యాబ్లెట్ల షీటు ఉంటే తెచ్చుకోండి. వెనక్కి తిప్పండి. ఎర్ర గీత ఒకటి కనపడుతుంది. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక ఉంటుంది. దాని అర్థం ఏంటంటే, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాసిన చీటీ లేకుండా ఈ మందు అమ్మకూడదు అని.

రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మొదటి అక్షరాలు కలిపితే ఆర్ఎంపీ. ఇప్పుడు మన పల్నాడులో ఏ ఊరికైనా వెళ్లి ఆర్ఎంపీ డాక్టరు ఎవరండీ అని అడగండి. బండి మీద బ్యాగు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసే ఆయన్ని చూపిస్తారు. చట్టం చెప్పే ఆర్ఎంపీ ఆయన కాదు. చట్టం దృష్టిలో ఆర్ఎంపీ అంటే మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టరు. మూడు అక్షరాలు ఒకటే, మనుషులు వేరు.

ఈ ఇద్దరి మధ్యలో మూడో మనిషి ఉంది. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివింది. నర్సింగ్ కౌన్సిల్లో ఆమె పేరుంది. మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో కూర్చుని మీ తాతయ్యకి బీపీ చూస్తుంది, నాయనమ్మకి షుగరు చూస్తుంది, బిళ్లలు ఇస్తుంది. కానీ సొంతంగా చీటీ రాసే హక్కు ఆమెకి లేదు. చదువు లేని ఆయన భయం లేకుండా యాంటీబయాటిక్ ఇస్తాడు. చదువున్న ఆమె భయపడుతూ పారాసిటమాల్ ఇస్తుంది. ఈ పరిస్థితి ఎలా వచ్చింది? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

గుంటూరులో మొదలైన పని

మన సత్తెనపల్లికి కూతవేటు దూరంలో ఉన్న గుంటూరు నుంచే మొదలుపెడదాం. 1883లో అమెరికా నుంచి అన్నా సారా కుగ్లర్ అనే ఆవిడ అక్కడికి వచ్చారు. లూథరన్ మిషన్ తరఫున వచ్చారు. ఆవిడ చదివింది డాక్టరు చదువు. కానీ పంపిన బోర్డు అప్పటికి వైద్య సేవకి సిద్ధంగా లేదు. అందుకని డాక్టరు హోదాలో పంపలేదు, ఆడవాళ్లకి చదువు చెప్పే పని మీద పంపారు. ఇక్కడికొచ్చాక జబ్బుపడ్డ ఆడవాళ్లు, పురిటి కష్టాల్లో ఉన్నవాళ్లు వస్తుంటే ఆవిడ చూడకుండా ఉండలేకపోయారు. ముందు పని మొదలైంది, తర్వాత బోర్డు అనుమతి వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఇవాళ గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అని పిలిచేది దాన్నే.

ఆ రోజుల్లో మన పల్లెల్లో కాన్పు అంటే మంత్రసాని. పరాయి మగవాడికి ఆడవాళ్లు చెయ్యి చూపించే కాలం కాదు. అలాంటి చోట ఆడవాళ్లే వైద్యం నేర్చుకుని ఆడవాళ్లని చూడటం మామూలు మార్పు కాదు. గుంటూరు లాంటి మిషన్ ఆసుపత్రుల్లో తెలుగు అమ్మాయిలు నర్సు పని నేర్చుకున్నారు. ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ముందు అవసరం, తర్వాత పని, చివర్లో కాగితం. మన నర్సుల చరిత్ర మొత్తం ఈ వరసలోనే నడిచింది. తేడా ఒక్కటే. కుగ్లర్ గారికి కాగితం రెండేళ్లలో వచ్చింది. మన నర్సమ్మకి వందేళ్లయినా పూర్తిగా రాలేదు.

1926: పేరు రాసుకున్నారు

అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. 1926లో మద్రాసులో నర్సులు, మంత్రసానుల చట్టం చేశారు. ఒక కౌన్సిల్, ఒక రిజిస్టర్ వచ్చాయి. శిక్షణ పొందినవాళ్ల పేర్లు అందులో ఎక్కించాలి. ఎవరు పడితే వాళ్లు నేను నర్సుని అని చెప్పుకోకుండా అడ్డుకట్ట వేయాలి. ఆ కాలానికి అది చాలా పెద్ద అడుగు.

ఈ చట్టం తర్వాత ఆంధ్రప్రదేశ్‌కి వారసత్వంగా వచ్చింది. పేరు పొడుగైంది. నర్సులు, మిడ్‌వైఫ్‌లు, ఆక్సిలరీ నర్సు మిడ్‌వైఫ్‌లు, హెల్త్ విజిటర్ల చట్టం అయింది. పేరు చివర 1926 మాత్రం అలాగే ఉండిపోయింది. మన తాతముత్తాతల కాలం నాటి అంకె అది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ చట్టం నర్సు ఎవరు అన్న ప్రశ్నకి జవాబు చెప్పింది. నర్సు సొంతంగా ఏ నిర్ణయం తీసుకోవచ్చు అన్న ప్రశ్న జోలికి పోలేదు. 1926లో ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ అనిపించి ఉండదు. ఆసుపత్రిలో డాక్టరు ఉంటాడు, ఆయన చెప్తాడు, ఆమె చేస్తుంది. లెక్క అంతే. డాక్టరు లేని చోట ఆమె ఒక్కతే కూర్చునే రోజు వస్తుందని ఎవరు ఊహించారు?

1946: ఒకటే రకం డాక్టరు

1946లో భోర్ కమిటీ రిపోర్టు వచ్చింది. మన దేశపు ప్రభుత్వ వైద్యానికి అది పునాది. మీ మండలంలో ఉన్న పీహెచ్‌సీ అనే ఆలోచన అందులోదే. అప్పటి లెక్కలు చూడండి. దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు. నర్సుల సంగతి ఇంకా ఘోరం. 43,000 మందికి ఒక్క నర్సు. దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7,000 మంది.

అప్పట్లో డాక్టర్లు రెండు రకాలు. ఎంబీబీఎస్ వాళ్లు ఒకరు. తక్కువ కాలం చదివి ఎల్‌ఎంపీ అనిపించుకునే లైసెన్షియేట్లు ఇంకొకరు. మీ తాతల్ని అడిగితే ఎల్‌ఎంపీ డాక్టర్ల పేర్లు చెప్తారు. చిన్న ఊళ్లని నిలబెట్టింది ఎక్కువగా వాళ్లే. భోర్ కమిటీ ఇక ఒకటే రకం డాక్టరు చాలని తేల్చింది. పల్లెవాడికి మాత్రం తక్కువ చదువున్న డాక్టరు ఎందుకు, అందరికీ మంచి డాక్టరే ఉండాలి కదా అన్నది వాదన. ఆలోచన గొప్పదే. కమిటీలో కొందరు సభ్యులు మాత్రం ఒప్పుకోలేదు. ఇంత కొరత ఉన్న దేశంలో ఎల్‌ఎంపీలని ఆపేస్తే పల్లె సంగతి ఏంటని వాళ్ల అభ్యంతరం.

తర్వాత ఏం జరిగిందో మనకి తెలుసు. ఎల్‌ఎంపీ చదువు ఆగిపోయింది. ఎంబీబీఎస్ డాక్టర్లు పల్లెలకి చాలినంత మంది రాలేదు. ఆ ఖాళీలోకి ఇద్దరు వచ్చారు. ఒకరు మన బండి డాక్టరు. ఇంకొకరు ఏఎన్ఎం.

దేశంలో మొదటి ఏఎన్ఎం శిక్షణ 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో మొదలైంది. మొదట ఆమె పని కాన్పులు, తల్లీబిడ్డల సంరక్షణ. తర్వాత కుటుంబ నియంత్రణ వచ్చి చేరింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వచ్చాక బహుళ ప్రయోజన కార్యకర్త అయింది. అంటే మలేరియా ఆమెదే, టీకాలు ఆమెవే, సర్వేలూ ఆమెవే. ప్రతి పదేళ్లకీ ఆమె సంచిలో ఒక కొత్త పని పడింది. ఎక్కువ భాగం సర్క్యులర్ల మీద, జీవోల మీద. చట్టం మార్చి కాదు.

మందుల నిబంధనల్లో మాత్రం ఒక చిన్న కిటికీ ఉంది. షెడ్యూల్ కె అంటారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఇచ్చే మందులని ఏఎన్ఎంలు, హెల్త్ వర్కర్లు పంచొచ్చు. అందుకు షాపులాగా లైసెన్సు అక్కర్లేదు. గమనించండి, పంచొచ్చు అంటుంది. జబ్బు ఏదో తేల్చి, ఏ మందు కావాలో నిర్ణయించొచ్చు అని మాత్రం అనదు.

బయట ఏం జరిగింది

అదే సమయంలో అమెరికాలో వేరే కథ నడిచింది. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఒక కొత్త కోర్సు పెట్టారు. దాని పేరు నర్సు ప్రాక్టీషనర్. కారణం మన కారణమే. పల్లెల్లో డాక్టర్లు లేరు, పిల్లలు ఉన్నారు.

చదువు పెట్టారు సరే, చట్టం ఏమంటుంది? అక్కడ వైద్య వృత్తి చట్టాలు రాష్ట్రాలవి. 1971లో ఐడహో రాష్ట్రం మొదటిసారి చట్టంలో రాసింది, ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సు జబ్బుని గుర్తించొచ్చు, చికిత్స చేయొచ్చు అని. తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా, ఒక్కో గొడవతో ముందుకి పోయింది. ఇవాళ సగానికి పైగా రాష్ట్రాల్లో నర్సు ప్రాక్టీషనర్లు డాక్టరు సంతకం అక్కర్లేకుండా సొంతంగా రోగుల్ని చూస్తున్నారు. మిగతా చోట్ల ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

ఇంగ్లండ్ వాళ్లు 1992లో నర్సులు కొన్ని మందులు రాయొచ్చని చట్టం చేశారు. ముందు చిన్న జాబితా. అది పెరిగి పెరిగి 2006కి దాదాపు అన్ని మందుల దాకా వచ్చింది, అదనపు శిక్షణ ఉన్నవాళ్లకి. మన గుంటూరులోనో నరసరావుపేటలోనో నర్సింగ్ చదివి ఇంగ్లండ్ వెళ్లిన అమ్మాయి, అక్కడ ఆ అదనపు కోర్సు చేస్తే చీటీ రాయగలదు. అదే అమ్మాయి తిరిగి సొంతూరు వస్తే రాయలేదు. చెయ్యి అదే, చట్టం వేరు.

మన రాష్ట్రాలు ప్రయత్నించలేదా?

ప్రయత్నించాయి. నర్సులతో కాకపోయినా, మధ్యస్థాయి వైద్యులతో. ఈ కథ కొంచెం నిదానంగా వినండి, మనకి పాఠం ఇక్కడే ఉంది.

ఛత్తీస్‌గఢ్ 2001లో చట్టం చేసి మూడేళ్ల వైద్య కోర్సు పెట్టింది. కొన్నాళ్లకే ఆపేయాల్సి వచ్చింది. చదివినవాళ్లు గ్రామీణ వైద్య సహాయకులుగా మిగిలారు. అస్సాం 2004లో ఇలాంటిదే ఇంకో చట్టం చేసింది. మూడేళ్ల డిప్లొమా చదివినవాళ్లు పల్లెల్లో కొన్ని జబ్బులకి వైద్యం చేయొచ్చు, కొన్ని మందులు ఇవ్వొచ్చు అని. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కోర్టుకి వెళ్లింది. 2014లో గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పు సరైనదే అంది.

ఎందుకు కొట్టేశారు? రాజ్యాంగంలో మూడు జాబితాలు ఉంటాయని స్కూల్లో చదివే ఉంటారు. ఆసుపత్రులు, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఉన్నత విద్యలో ప్రమాణాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. వైద్య వృత్తి ఉమ్మడి జాబితాలో ఉంది. వైద్య విద్య మీద కేంద్ర చట్టం అప్పటికే ఉంటే, దానికి అడ్డం పోయే కోర్సుని రాష్ట్రం పెట్టలేదు. అదీ తీర్పు సారం.

కానీ కథ అక్కడ అయిపోలేదు. హైకోర్టులో ఓడిపోయాక అస్సాం 2015లో ఇంకో చట్టం చేసింది. ఈసారి వీళ్లు డాక్టర్లు అనలేదు. కమ్యూనిటీ హెల్త్ ప్రొఫెషనల్స్ అంది. వాళ్లకి వేరే రిజిస్టర్ పెట్టింది, వాళ్ల పని హద్దులు వేరే రాసింది. 2023లో అదే సుప్రీంకోర్టు బెంచి ఈ రెండో చట్టాన్ని తప్పు పట్టలేదు. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. డాక్టరు కుర్చీలో కూర్చోబెడతానంటే కోర్టు ఒప్పుకోదు. వేరే కుర్చీ వేసి, దాని కాళ్లు ఎంత పొడవో స్పష్టంగా చెప్తే ఒప్పుకుంటుంది.

మన దగ్గర గత పదేళ్లు

ఇప్పుడు తెలుగు రాష్ట్రాలకి వద్దాం. 2017లో తెలంగాణ ఒక మంచి పని మొదలుపెట్టింది. హైదరాబాదు ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సాయంతో ప్రభుత్వ నర్సులకి మిడ్‌వైఫరీలో 18 నెలల ప్రత్యేక శిక్షణ. మొదటి అడుగు కరీంనగర్‌లో. కారణం మీకు తెలిసిందే, సిజేరియన్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు కోతతోనే అవుతున్నాయి. దేశ సగటు 21.5. మామూలు కాన్పుని ఓపికగా చేయగల మనిషి కావాలి. 2018 డిసెంబరులో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సు ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అన్న పేరు పుట్టింది. అంతకు కొంచెం ముందే ఐసీయూల కోసం నర్సు ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల పీజీ కోర్సుని నర్సింగ్ కౌన్సిల్ తెచ్చింది. చదువులైతే వచ్చాయి. పేర్లు కూడా వచ్చాయి.

2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. సబ్ సెంటర్లలో ఒక నర్సింగ్ గ్రాడ్యుయేటుని పెట్టాలని నిర్ణయించారు. మన రాష్ట్రంలో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అన్నారు, ఎంఎల్‌హెచ్‌పీ. ఆరు నెలల అదనపు శిక్షణ ఇచ్చారు. 2,500 జనాభాకి ఒకటి చొప్పున 10,032 విలేజ్ క్లినిక్‌లు అన్నారు. 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని అధికారికంగా ప్రారంభించింది ఎక్కడో తెలుసా? మన పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. నెలకి రెండుసార్లు పీహెచ్‌సీ డాక్టరు ఊరికి వస్తాడు. మిగతా రోజులన్నీ క్లినిక్‌లో ఉండేది ఎంఎల్‌హెచ్‌పీ, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు. ప్రభుత్వం మారింది, బోర్డు మారింది, పని మారలేదు.

లెక్క వేయండి. నెలలో రెండు రోజులు డాక్టరు, మిగతా 28 రోజులు ఆమె. ఆ 28 రోజుల్లో ఆమె ఏ అధికారంతో మందు ఇస్తుంది? ఒకటి, డాక్టరు ముందే మొదలుపెట్టిన బీపీ, షుగరు మందులని కొనసాగిస్తుంది. రెండు, ఈ సంజీవని అనే వీడియో కాల్లో దూరంగా ఉన్న డాక్టరుని అడిగి ఇస్తుంది. ఈ పద్ధతిలో మన రాష్ట్రం 2019లోనే దేశంలో ముందు అడుగు వేసింది. మూడు, ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు. ఇవి మంచి ఏర్పాట్లే. కానీ సిగ్నల్ లేదు, డాక్టరు లైన్లో లేడు, ఎదురుగా బిడ్డ జ్వరంతో మూలుగుతోంది. అప్పుడు ఆమె ఏం చేయాలి? చేస్తే హద్దు దాటావంటారు. చేయకపోతే ఉండి ఎందుకంటారు.

2019లో పార్లమెంటు చేసిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ దీనికి జవాబు ఇవ్వాలనుకుంది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌కి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చు, ప్రాథమిక వైద్యంలో నిర్ణీత మందులు సొంతంగా రాయొచ్చు అని. జూనియర్ డాక్టర్లు దేశమంతా సమ్మె చేశారు, మన రెండు రాష్ట్రాల్లో కూడా. సెక్షన్ పుస్తకంలో ఉంది. మన ఊరి క్లినిక్ గోడ మీద ఆ లైసెన్సు వేలాడటం మాత్రం నేను చూడలేదు. అదే చట్టంలో 34వ సెక్షన్ కూడా ఉంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తలుపు తెరిచే సెక్షన్ నిద్రపోతోంది, జైలు చూపించే సెక్షన్ మేలుకుని ఉంది.

2023లో పార్లమెంటు నర్సింగ్‌కి కూడా కొత్త చట్టం చేసింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. రాష్ట్రాలు కూడా తమ కమిషన్లు పెట్టుకోవాలి. అంటే 1926 కాగితాన్ని మళ్లీ రాసుకునే అవకాశం వందేళ్లకి ఇప్పుడొచ్చింది.

డాక్టర్లు ఏమంటారు?

వాళ్ల మాట కూడా వినాలి, అందులో నిజం ఉంది. సగం చదువుతో వైద్యం చేస్తే ప్రాణాలకి ముప్పు అంటారు. యాంటీబయాటిక్స్ ఇష్టం వచ్చినట్టు వాడితే మందులు పనిచేయకుండా పోతాయంటారు, అది కళ్ల ముందు జరుగుతోంది కూడా. అన్నిటికంటే బలమైన మాట ఇంకొకటి: నర్సుకి హక్కు ఇచ్చేసి, ప్రభుత్వం పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీగా వదిలేస్తుంది. పట్నం వాడికి స్పెషలిస్టు, పల్లె వాడికి నర్సు. ఇది న్యాయమా? భోర్ కమిటీ 1946లో అడిగిన ప్రశ్నే ఇది.

నా జవాబు ఇది. పల్లెలో పోటీ డాక్టరుకీ నర్సుకీ మధ్య ఉంటే ఆ వాదన నిలుస్తుంది. రాత్రి పూట మన ఊళ్లో పోటీ నర్సుకీ బండి డాక్టరుకీ మధ్య ఉంది. హద్దులు రాయనంత కాలం, హద్దులకి భయపడే మనిషి వెనక్కి తగ్గుతుంది. భయపడని మనిషి ముందుకొస్తాడు. నష్టపోయేది రోగి.

ఇంకో సంగతి. చట్టసభల్లో డాక్టర్ల గొంతు ఎప్పుడూ ఉంది. ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరు. మన సత్తెనపల్లి నుంచి గెలిచి 2014లో స్పీకరు కుర్చీలో కూర్చున్న కోడెల శివప్రసాదరావు సర్జన్. తప్పేం లేదు, మంచిదే. మరి నర్సమ్మ మాట అక్కడికి ఎవరు మోసుకెళ్తారు? 2025లో ఎంఎల్‌హెచ్‌పీలు ఉద్యోగ భద్రత కోసం రోజుల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. కాంట్రాక్టు మీద ఉన్న మనిషి ముందు ఉద్యోగం గురించే అడుగుతుంది. చీటీ రాసే హక్కు దాకా ఎప్పుడొస్తుంది?

చట్టం ఏం చెప్పాలి?

నాలుగు మాటలు చాలు. ఒకటి, ఏ చదువు, ఎన్నాళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు, వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉంటాయి. రెండు, ఏ జబ్బులు చూడొచ్చు, ఏ మందులు రాయొచ్చు, ఏ లక్షణం కనపడగానే 108 పిలవాలి. మూడు, ఆమె వెనక ఏ డాక్టరు ఉంటాడు, లైన్లో లేకపోతే ఎవరు ఉంటారు. నాలుగు, నియమం ప్రకారం చేసినా కీడు జరిగితే బాధ్యత ఎవరిది. నాలుగోది రాయకుండా మొదటి మూడూ రాస్తే, భారం మొత్తం మళ్లీ ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది.

అస్సాం రెండు చట్టాలు చూసి నేర్చుకుంటే, దీన్ని కోర్టులో నిలబడేలా రాయొచ్చు. డాక్టరు పోస్టులు తగ్గించకూడదని అదే చట్టంలో ఒక వాక్యం పెడితే, డాక్టర్ల భయానికీ జవాబు దొరుకుతుంది.

ఈసారి మీ ఊరి క్లినిక్‌కి వెళ్లినప్పుడు అక్కని ఒక మాట అడగండి. డాక్టరు రాని రోజు మీరు సొంతంగా ఏమేం చేయొచ్చు, ఎక్కడ రాసి ఉంది అని. ఆమె గోడ మీద ఉన్న కాగితం చూపించగలిగితే సంతోషం. చూపించలేక నవ్వి ఊరుకుంటే, ఆ కాగితం అడగాల్సింది ఆమె ఒక్కతే కాదు. ఆ క్లినిక్‌కి వెళ్లే మనందరం. మీ ఎమ్మెల్యే ఫోన్ నంబరు మీ దగ్గరే ఉంటుంది, ఓట్లప్పుడు ఎలాగూ మెసేజీలు వస్తాయిగా. ఈసారి మీరు పెట్టండి.